స్టవ్ లేని గదిలో సంగటి, చేప: 20 లీటర్ల సోలో మైక్రోవేవ్ ఎంతవరకు పనికొస్తుంది?

కర్నూల్లోనో అనంతపురంలోనో ఒంటరిగా గది తీసుకున్నవాళ్లకు, గ్యాస్ బండ పెట్టనివ్వని ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ మాట. ఒక్క మైక్రోవేవ్‌తో రోజూ వండుకోవచ్చా? కూరగాయలకు, చేపకు నిక్షేపంగా పనికొస్తుంది. పప్పుకు కాస్త ఓపిక కావాలి. జొన్నరొట్టె, ఉగ్గాని పక్కన బజ్జీ మాత్రం దీనితో కాని పనులు. వాటికోసం వేడిగాలి కూడా తిప్పే కన్వెక్షన్ రకం కొన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రెండు గుండ్రటి మీటలున్న మామూలు సోలో రకం, అంటే తరంగాలతో మాత్రమే వేడిచేసేది, చాలు. శక్తికి ఒకటి, సమయానికి ఒకటి. పెట్టె మీద 1,200 వాట్లు అని కనిపిస్తే అది లాగే కరెంటు. వండే శక్తి 700 లేదా 800 వాట్లే ఉంటుంది. ఇక్కడ చెప్పే సమయాలు 800కి. 700 అయితే నిమిషానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు కలుపుకోవాలి. ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోతే వేడి ఇంకా తగ్గుతుంది. అన్నం పలుకుగా మిగిలితే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఫ్యాన్లూ లైట్ల కోసం పెట్టిన చిన్న ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. తిప్పే టైమర్‌తో ఇంకో చిక్కుంది: రెండు నిమిషాల లోపు పెట్టాలంటే ముందు రెండు దాటించి, వెనక్కి తిప్పాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

'మీడియం' అంటే సన్నసెగ అనుకుంటారు. ఈ రకంలో కాదు. పూర్తి శక్తితో కొన్ని సెకన్లు నడుస్తుంది, కొన్ని సెకన్లు ఆగుతుంది, అంతే. ఆ ఆగిన సమయంలో వేడి లోపలికి పాకుతుంది, పొంగు దిగుతుంది. పప్పూ సంగటీ చేపా, మూడూ ఈ ఆగడం మీదే ఆధారపడ్డాయి. అన్నీ 'హై'లో పెట్టేసి, మైక్రోవేవ్ తిండి రబ్బరులా ఉంటుందని తిట్టుకోవడం న్యాయం కాదు.

పెసరపప్పు అరకప్పు అరగంట నానబెట్టి, ఒకటిన్నర కప్పు నీళ్లు, చుక్క నూనె వేసి, రెండు లీటర్ల గాజుగిన్నెలో పెట్టాలి. గిన్నె చిన్నదైతే పళ్లెమంతా నురగే. హైలో 5 నిమిషాలు, మీడియంలో 10 నుంచి 12. పప్పు మెత్తబడ్డాకే చుక్కకూర వేసి మరో 3 నిమిషాలు పెట్టాలి. పులుపు ముందే పడితే పప్పు బిరుసుగా ఉండిపోతుంది. మన బోరునీళ్లూ అదే పని చేస్తాయి, వాటిలోని సున్నం పప్పును ఉడకనివ్వదు. పప్పు వరకైనా క్యాన్ నీళ్లు వాడండి. కందిపప్పు రెండు గంటలు నానబెట్టి పాతిక నిమిషాలు ఉడికించినా కుక్కర్లో అయినట్టు ఎనిగిపోదు.

రాగిసంగటికి పావుకప్పు బియ్యం, ఒకటిన్నర కప్పు నీళ్లు. హైలో 5, మీడియంలో 8 నిమిషాలకు మెతుకు మెత్తబడుతుంది. అరకప్పు రాగిపిండిని అరకప్పు చన్నీళ్లలో జారుగా కలిపి అందులో పోయాలి. పొడిపిండి చల్లితే ఉండలు ఖాయం. హైలో నిమిషంన్నర, బయటికి తీసి తెడ్డుతో గట్టిగా కలపడం, మళ్లీ నిమిషంన్నర, మళ్లీ కలపడం, చివర ఒక నిమిషం. చెయ్యి తడిచేసి ముట్టుకుంటే అంటకూడదు. ముద్ద బాగానే కడుతుంది, పొయ్యి మీది కమ్మదనం మాత్రం రాదు. సంగటిలోకి ఊరిబిండి పచ్చడి కోసం 100 గ్రాముల చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు పళ్లెంలో పలుచగా పరిచి 2 నిమిషాలు, కలిపి ఒక నిమిషం, కలిపి అర నిమిషం. వేడిమీద మెత్తగానే ఉంటాయి, చల్లారాక కరకరలాడతాయి. మెత్తగా ఉన్నాయని ఇంకో నిమిషం పెడితే పైకి తెలియకుండా లోపల మాడతాయి.

ఇక చేప. డబ్బు గిట్టేది ఇక్కడే. తుంగభద్ర బొచ్చె అయినా, ముళ్లు తక్కువ కావాలంటే కొర్రమేను అయినా, రెండు సెంటీమీటర్ల మందాన 250 గ్రాముల ముక్కలు తీసుకోండి. ఉప్పు, పసుపు, కారం, తెల్లగడ్డ ముద్ద, నిమ్మరసం పట్టించి పది నిమిషాలు ఉంచి, నీళ్లు వంచేయాలి. గుండ్రటి పళ్లెంలో మందపు వైపు అంచుకు, తోక వైపు నడుమకు వచ్చేలా పేర్చండి, అంచున వేడి ఎక్కువ తగులుతుంది. వదులుగా మూతపెట్టి మీడియం-హైలో 4 నిమిషాలు, ఆపి 2 నిమిషాలు అలాగే వదిలేయాలి. నడుమ స్పూనుతో నొక్కితే పొరలుగా విడిపోతే అయినట్టే. అద్దంలా మెరుస్తుంటే ఇంకో అర నిమిషం. హైలో పెడితే మాంసం బిగుసుకుని నీరు కక్కేస్తుంది, చర్మం కింద ఆవిరి చేరి టప్పుమని చిమ్ముతుంది. పులుసు కావాలంటే చింతపండు రసం, ఎర్రగడ్డ ముద్ద, కారం కలిపి ముందు 6 నిమిషాలు మరిగించి, ఆ తర్వాతే ముక్కలు వేయాలి. నూనె ముక్కకు ఒక స్పూను కూడా పట్టదు.

తిరగవాత దీని బలహీనత. నూనె మైక్రోవేవ్ తరంగాలను నీళ్లంత బాగా పట్టుకోదు, ఆవాలు సగమే చిటపటమంటాయి. ప్లాస్టిక్ గిన్నెలో నూనె మాత్రం పెట్టొద్దు, కరిగిపోతుంది. స్టీలు గిన్నెలు, బంగారు అంచు పళ్లేలు, మెలమైన్ కూడా పక్కన పెట్టాల్సినవే. చదరపు గిన్నెలూ వద్దు, గోడకు తగిలి పళ్లెం తిరగడం ఆగిపోతే ఒకవైపు మాడి మరోవైపు పచ్చిగా ఉంటుంది.

నీచు వాసనకు గిన్నెడు నీళ్లలో నిమ్మచెక్క వేసి 3 నిమిషాలు మరిగించి తుడవాలి. లోపల కుడిగోడకు అట్టముక్కలా కనిపించేది అభ్రకం రేకు, దాన్ని పీకకండి. చేప కొవ్వు దానిమీద చింది మాడితే మెరుపులు వస్తాయి. నల్లబడిందంటే మెకానిక్‌తో కొత్త రేకు వేయించుకోవాలి, మిషన్ మార్చే పని లేదు.