తెల్లని ముసుగా, తలుపు సందులో కన్నా: ఏది ఎక్కువ భయం?

స్లాషర్ సినిమాల (ఒక హంతకుడు ఒక్కొక్కరినీ వేటాడి చంపే భయానక చిత్రాల) మాట రాగానే అందరూ 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ పేరే ఎత్తుతారు. హంతకుడి కళ్లతో కదిలే కెమెరా, పండుగ రాత్రి, ఒక్కొక్కరుగా బలయ్యే అమ్మాయిలు... ఇవన్నీ అంతకు నాలుగేళ్ల ముందే కెనడాలో బాబ్ క్లార్క్ తీసిన ‘బ్లాక్ క్రిస్మస్’లో ఉన్నాయి. ఈమధ్య రెండింటినీ వరుసగా రెండు రాత్రులు మళ్లీ చూశాను. కథ గుట్టు కొంత విప్పక తప్పదు కాబట్టి చూడనివారు ఇక్కడే ఆగవచ్చు.

పనితనంలో హాలోవీన్‌దే పైచేయి. ఖర్చు మూడు లక్షల డాలర్ల పైచిలుకు. కథ జరిగేది ఇల్లినాయ్‌లో, అక్టోబరు చివర. తీసింది కాలిఫోర్నియాలో, వసంతకాలంలో. రంగు వేసిన ఆకులను వీధిలో చల్లి, షాట్ అయ్యాక ఏరుకుని మళ్లీ వాడారు. పైన చెట్లు మాత్రం నిక్షేపంగా పచ్చగానే ఉంటాయి! హంతకుడు మైకేల్ వేసుకునే ముసుగు సంగతీ అంతే: స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కిర్క్ పాత్ర ముసుగు కొని తెల్లరంగు పూశారు. అయినా ఆ ముసుగు చేసే పని చూడండి. కథానాయిక లారీ అనే అమ్మాయి గుమ్మం పక్కన ఆనుకుని ఏడుస్తుంటుంది. ఆమె వెనుక గది అంతా కటిక చీకటి. అందులోంచి పాలిపోయిన ముఖం ఒకటి, పాత్ర అడుగున మడ్డి తేలినట్టు మెల్లగా పైకి తేలుతుంది. అదాటుగా మీదికి దూకడం, అరుపు, ఏమీ లేవు. కార్పెంటర్ తానే కట్టిన పియానో బాణీ ఐదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. ఖండగతి అన్నమాట. చెవికి ఎక్కడా కుదురు దొరకనివ్వదు.

నాకు గిట్టనిది మైకేల్‌కు వైద్యం చేసిన మానసిక వైద్యుడు డాక్టర్ లూమిస్ ఉపన్యాసం. మైకేల్ మనిషి కాదు, మూర్తీభవించిన చెడు అని కనిపించిన ప్రతివారికీ చెబుతాడు. ఇంతగా చెప్పాక భయం కొంత చప్పబడుతుంది. ఆరేళ్ల వయసు నుంచి ఆసుపత్రిలో బందీగా ఉన్నవాడికి కారు నడపడం ఎలా వచ్చిందన్న ప్రశ్నను సినిమాయే చమత్కారంగా దాటవేస్తుంది. లారీ కత్తిని హంతకుడి పక్కనే పడేసి పోవడాన్ని మాత్రం క్షమించలేను.

బ్లాక్ క్రిస్మస్ అంత నున్నగా ఉండదు. నడుమ పోలీసుల గాలింపు సాగదీత. కథ జరిగే అమ్మాయిల హాస్టల్‌లో పెద్దావిడ దాచిన మందు సీసాల హాస్యం మొదటిసారి నవ్విస్తుంది, తర్వాత విసిగిస్తుంది. ఊరంతా వెతికేవారికి ఆ హాస్టల్ అటక ఎక్కి చూడాలని తట్టదు. కానీ ఆ లోపంలోంచే ఈ సినిమాలోని అతి దారుణమైన చిత్రం పుట్టింది: తండ్రి మాయమైన కూతురి కోసం తిరుగుతుంటే, ముఖానికి ప్లాస్టిక్ కవరు చుట్టిన ఆమె శవం అటక కిటికీ దగ్గర ఊగే కుర్చీలో కూర్చుని ఉంటుంది.

ఇక హాస్టల్‌కు హంతకుడు చేసే ఆ ఫోను. అమ్మాయిలంతా ఒకే రిసీవరు చుట్టూ మూగుతారు. అవతల ఒకే గొంతులో నలుగురైదుగురు పోట్లాడుకుంటున్నట్టు బూతులు, ఏడుపు. కాల్ ఎక్కడిదో పట్టుకోవడానికి ఎక్స్ఛేంజిలో ఉద్యోగి టకటకమనే స్విచ్చుల వరుసల మధ్య పరుగెత్తుతాడు. ల్యాండ్‌లైన్ రోజులు ఎరిగినవారికి ఆ పరుగు చాలు, అరచేతులు చెమర్చడానికి. హంతకుడు ఎవరో, ఎందుకు చంపుతున్నాడో చివరిదాకా తెలియదు. తలుపు సందులో ఒక కన్ను, అంతే. పైగా కథానాయిక జెస్ కేవలం పారిపోయే అమ్మాయి కాదు. గర్భం ఉంచుకోనని ప్రియుడితో తేల్చి చెబుతుంది, సినిమా ఆమెను తప్పుపట్టదు. 1974లో అది చిన్న విషయం కాదు.

ఫ్రేము ఎలా పెట్టాలో నేర్చుకోవాలంటే హాలోవీన్ చూడండి. భయపడటానికైతే నా ఓటు బ్లాక్ క్రిస్మస్‌కే. చివర్లో పేర్లు పడుతున్నాయి కదా అని కట్టేయకండి. ఫోను మోగేది అప్పుడే.