సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480: అడ్మిన్ చేతికొచ్చాక ఎలా పనిచేస్తోందంటే

మాది ఖమ్మంలో చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, ఇవే పనులు, పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లే మాకు అన్నం పెట్టేవి. ఇంటి దగ్గర రాత్రిపూట పని చేసుకోడానికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక షాపు నుంచి లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నా. 2018 మోడల్, ఐ5 ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, ఏదో పెద్ద కంపెనీలో లీజు అయిపోయి బయటికొచ్చిన బండి, అడుగున ఆ కంపెనీ బార్‌కోడ్ స్టిక్కర్ గీకేసిన జిగురు కూడా ఇంకా ఉంది. చాలా కాలంగా రోజూ వాడుతున్నా కాబట్టి ఇప్పుడు రాస్తున్నా, ముఖ్యంగా అడ్మిన్ సంగతి, అంటే సాఫ్ట్‌వేర్లు ఎక్కించడానికి, సెట్టింగులు మార్చడానికి పూర్తి అధికారం ఉన్న అకౌంట్ సంగతి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఎంత అని అడుగుతారు గానీ ఇది ఎవరూ అడగరు.

బండి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్తుంది, నెట్ వస్తుంది, యూట్యూబ్ వస్తుంది, అంతా బానే ఉన్నట్టు కనిపిస్తుంది. తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఇన్‌స్టాల్ చేద్దామని డబుల్ క్లిక్ కొట్టగానే స్క్రీన్ మసకబారి ఒక బాక్స్ వచ్చింది. మామూలుగా అయితే అందులో యెస్, నో రెండు బటన్లు ఉండాలి, ఇక్కడ మాత్రం ఐటీ సపోర్ట్ అని ఒక అకౌంట్ పేరు, దాని కింద పాస్‌వర్డ్ కొట్టే ఖాళీ డబ్బా. అంటే షాపు వాళ్లు కొత్తగా విండోస్ ఎక్కించలేదు, కంపెనీ వాడిన విండోస్ మీదే ఒక మామూలు యూజర్‌ని తయారుచేసి ఇచ్చేశారు. ఫోన్ చేస్తే "పాస్‌వర్డ్ ఏం లేదన్నా, ఎంటర్ కొట్టు" అన్నాడు. కొడితే రాంగ్ పాస్‌వర్డ్. మళ్లీ చేస్తే "తీస్కొని రా అన్నా, చూద్దాం" అన్నాడు, ఖమ్మం నుంచి సికింద్రాబాద్‌కి ఒక పాస్‌వర్డ్ కోసం పోవాలా!

అడ్మిన్ లేకపోతే మా పనికి వచ్చే కష్టం ఏంటో చెప్తా. ఫాంట్ ఫైల్ మీద రైట్ క్లిక్ కొడితే ఇన్‌స్టాల్ అని ఒకటి, ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అని పక్కన చిన్న షీల్డ్ బొమ్మతో ఇంకొకటి ఉంటాయి. మొదటిదానికి అడ్మిన్ అక్కర్లేదు, కానీ ఆ ఫాంట్లు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి పోవు, మన యూజర్ ఫోల్డర్‌లో ఎక్కడో లోపల కూర్చుంటాయి, పాత సాఫ్ట్‌వేర్లు చాలావాటికి అవి కనపడనే కనపడవు. పేజ్‌మేకర్ 7 2001 నాటిది, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షనే రాలేదు. ఫాంట్ ఎక్కినట్టే ఉంటుంది, పేజ్‌మేకర్ లిస్టులో మాత్రం ఉండదు. ప్రింటర్ డ్రైవర్ కూడా అంతే, అక్కడా పాస్‌వర్డే.

యూట్యూబ్‌లో చూస్తే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి విండోస్ సిస్టమ్ ఫైల్ ఒకటి మార్చేసి, లాగిన్ స్క్రీన్ దగ్గరే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పాస్‌వర్డ్ మార్చేయమని బోలెడు వీడియోలు. నాకు అది నచ్చలేదు, చేయలేదు కూడా. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే డిస్క్ తాళం) ఉంటే బయట నుంచి ఆ ఫైళ్లని ముట్టుకోవాలంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది మన దగ్గర ఉండదు. పైగా ఆ డిస్క్‌లో ఉన్నది ఇంకొకళ్ల డేటా, ఎవరి జీతాల షీట్లో, ఎవరి ఆధార్ కాపీలో, తాళం పగలగొట్టి లోపలికెళ్లి అవన్నీ పెట్టుకుని మనం ఏం చేస్తాం? పాస్‌వర్డ్ అన్‌లాకర్ అని ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్లనైతే అసలు నమ్మకండి, వైరస్‌ని మనమే పిలిచి కుర్చీ వేసినట్టు. బండి మనది, బిల్లు మన పేరు మీద ఉంది, లోపలున్నది మనకి అక్కర్లేదు, అలాంటప్పుడు మొత్తం తుడిచేసి కొత్తగా విండోస్ ఎక్కించుకోవడమే శుభ్రమైన దారి, ఇది నా గట్టి అభిప్రాయం.

ఆ పనికి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మా డీటీపీ సెంటర్లో డెస్క్‌టాప్ మీద మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో దాన్ని బూటబుల్ చేశా, అంటే బండి దాని నుంచే మొదలయ్యేలా, ఈ టూల్ ఫ్రీనే. థింక్‌ప్యాడ్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే బూట్ మెనూ వస్తుంది, పెన్‌డ్రైవ్ సెలెక్ట్ చేశా. ప్రొడక్ట్ కీ అడిగిన చోట కీ లేదు అని పెట్టి ముందుకెళ్లా, ఇలాంటి కంపెనీ బండ్లలో చాలావాటికి విండోస్ ప్రో కీ మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే (చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అయిపోయింది. అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది పార్టిషన్ల (డిస్క్‌ని విడదీసిన భాగాలు) స్క్రీన్ దగ్గర. అక్కడ సీ డ్రైవ్ ఒక్కదాన్నే ఫార్మాట్ కొట్టి వదిలేస్తారు చాలామంది, నేను ఆ డిస్క్‌లో ఉన్న చిన్నా పెద్దా పార్టిషన్లన్నీ ఒక్కోటి డిలీట్ చేసుకుంటూ పోయా, చివరికి అన్‌అలొకేటెడ్ స్పేస్ (దేనికీ కేటాయించని ఖాళీ) అని ఒక్క లైన్ మిగిలింది, దాని మీద నెక్స్ట్ కొట్టా. విండోస్ ఎక్కేటప్పుడు మనం పెట్టుకునే మొదటి అకౌంటే అడ్మినిస్ట్రేటర్ అవుతుంది. అంతే, ఐటీ సపోర్ట్ పోయింది, నా పేరు వచ్చింది.

ఇక్కడ ఒక పెద్ద గండం ఉంది, నా బండికి లేదు గానీ అందరూ తెలుసుకోవాలి. ఆటోపైలట్ అని ఒకటుంది, కంపెనీలు తమ లాప్‌టాప్‌ల హార్డ్‌వేర్ గుర్తుని మైక్రోసాఫ్ట్ దగ్గర తమ పేరు మీద నమోదు చేసుకుంటాయి. అలాంటి బండిని ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా, సెటప్‌లో నెట్ కలపగానే వెల్‌కమ్ అని ఆ కంపెనీ పేరు వేసి వాళ్ల ఆఫీసు మెయిల్ ఐడీ అడుగుతుంది. దాన్ని సరిగ్గా తీయించాలంటే ఆ కంపెనీ నమోదు రద్దు చేయాలి. నెట్ లేకుండా సెటప్ చేసి తప్పించుకోవచ్చు అనే సలహాలు వినకండి, అది ఇవాళ గడుస్తుంది, మళ్లీ రీసెట్ చేసిన రోజు బయటపడుతుంది. ఆ స్క్రీన్ కనపడితే వెంటనే షాపు వాడికి బండి తిరిగిచ్చేయండి.

బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల స్క్రీన్) సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అయితే ఇంకా ఘోరం. థింక్‌ప్యాడ్‌లో లోపలి చిన్న సెల్లు పీకి పెడితే అది పోదు, వేరే చిప్‌లో దాక్కుంటుంది, మర్చిపోతే మదర్‌బోర్డ్ మార్చాల్సిందేనని లెనోవో కూడా చెప్తుంది. అందుకే కొనే రోజే షాపు కౌంటర్ మీద బండి ఆన్ చేయించి ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి వెళ్లి చూశా, పాస్‌వర్డ్ అడగలేదు, సెక్యూరిటీ మెనూలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ డిసేబుల్డ్ అని ఉంది. ఇది చూసుకుంటే, ఆటోపైలట్ ఒక్కటి తప్ప మిగతా విండోస్ గోల ఇంటికొచ్చి ఎలాగైనా సర్దుకోవచ్చు.

అడ్మిన్ వచ్చాక మొదట చేసిన పని అప్‌డేట్లు. టీ480లో థండర్‌బోల్ట్ (టైప్ సీ పోర్ట్‌ని నడిపే చిప్) ఫర్మ్‌వేర్ పాతది ఉంటే టైప్ సీ పోర్ట్‌కి ఇబ్బంది రావచ్చని లెనోవో ఎప్పుడో అప్‌డేట్ ఇచ్చింది, అడ్మిన్ లేనివాళ్లు అది వేసుకోలేరు, ఈ మోడల్ ఉన్నవాళ్లు తప్పకుండా చూసుకోండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది, ఇది ఎనిమిదో జనరేషన్ కాబట్టి 11కి అర్హత ఉంది, ఇప్పుడు 11 మీదే నడుస్తోంది. ఏడో జనరేషన్ టీ470 కొంచెం తక్కువకి ఇస్తానంటాడు, అది 11 లిస్టులో లేదు, ఆ కాస్త తేడాకి ఆశపడకండి.

ఇంకో మాట, రోజూ నేను అడ్మిన్ అకౌంట్‌లో పని చేయను. అడ్మిన్ వేరే పెట్టి, పనికి ఒక స్టాండర్డ్ యూజర్ చేసుకున్నా, మా బాబుకి ఇంకొకటి. వాడు గేమ్స్ అని ఏదేదో డౌన్‌లోడ్ చేస్తాడు, ఇన్‌స్టాల్ దగ్గరకి రాగానే పాస్‌వర్డ్ బాక్స్ వస్తుంది, నాన్నా ఇది కొట్టవా అని నా దగ్గరకే వస్తాడు. మొదట్లో చిరాకు పెట్టిన అదే బాక్స్ ఇప్పుడు ఇంటికి గొళ్లెంలా ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ డైరీలో రాసి బీరువాలో పెట్టా, లోకల్ అకౌంట్‌కి సెక్యూరిటీ క్వశ్చన్లు కూడా పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే విండోస్ 11 కొత్త వెర్షన్లు డ్రైవ్‌ని మనకి తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ చేసేస్తాయి (తాళం వేస్తాయి), ఆ 48 అంకెల కీ ప్రింట్ తీసి అదే డైరీలో పెట్టుకోండి, మన ఫైళ్లకి మనమే బయటివాళ్లం కాకుండా.

బండి సంగతికొస్తే కీబోర్డ్ అద్భుతం, అను యాపిల్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్‌లో గంటలు గంటలు కొట్టినా వేళ్లు నొప్పి పుట్టవు. లోపల ఒక బ్యాటరీ, వెనక తీసి పెట్టుకునే బ్యాటరీ ఒకటి, ఆఫ్ చేయకుండానే వెనకది మార్చేయొచ్చు, కరెంట్ పోయినప్పుడు ఇది ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ర్యామ్ స్లాట్లు రెండు, నేను ఇంకో 8 జీబీ వేయించా. కార్డుల కలర్ చూడ్డానికి మాత్రం మా సెంటర్లో పెద్ద మానిటర్‌కే తగిలిస్తా.

మా బావమరిదికి కూడా ఇదే మోడల్ కొన్నాం, ఈసారి షాపులోనే మా ముందు మొత్తం డిస్క్ తుడిపించి, మా మొబైల్ హాట్‌స్పాట్ కలిపి, సెటప్‌లో ఏ కంపెనీ పేరూ రాలేదని చూశాకే డబ్బులిచ్చాం. బిల్లు మీద సీరియల్ నంబర్ కూడా రాయించుకోండి, రేపు ఏదైనా లాక్ పడి పాత కంపెనీతో మాట్లాడాల్సి వస్తే షాపు వాడికి కావాల్సింది ఆ నంబరే.