బోస్టన్ కంప్యూటర్ సొసైటీ: సభ్యులకు దక్కిన అసలు సేవ

1977లో 13 ఏళ్ల జొనాథన్ రోటెన్‌బర్గ్ చొరవతో మొదలై, ఒక దశలో 30,000కు పైగా సభ్యులను కూడగట్టుకొని, 1996లో మూతపడిన ఈ అమెరికా కంప్యూటర్ వాడకందారుల సంఘం అందించిన సేవల్లో, నా లెక్కన, దాని పత్రిక కన్నా మిన్న అయినవి ప్రత్యేకాసక్తి బృందాలే. ఏ రకం కంప్యూటర్ వాడేవారికి ఆ రకానికి చెందిన బృందం ఉండేది. కొత్తగా కొన్నవారు తమ చిక్కు చెబితే, అదే యంత్రంతో కుస్తీపట్టిన తోటి సభ్యుడు దగ్గరుండి విడమరిచేవాడు. అమ్మకందారు నోట అంత నిక్కమైన సలహా రావడం అరుదే!

1984 జనవరి 30న ఆపిల్ సంస్థ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ స్వయంగా ఈ సభ్యుల ఎదుట తమ కొత్త కంప్యూటర్ మాకింతోష్‌ను ప్రదర్శించారంటే సొసైటీ పలుకుబడి ఎంతటిదో ఊహించవచ్చు.

అయితే జీతంలేని సారథి ఓపిక మీదే బృందం మనుగడ ఆధారపడటం ఇలాంటి ఏర్పాటులోని లోపం. ప్రతి బృందానికీ ఇద్దరు సారథులను మొదటే నియమించుకోవడం మేలు.