క్రికెట్ వాదనలకు స్టాట్స్‌గురు: చాలా ఏళ్లు వాడినవాడి సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో అయినా, విజయవాడ గవర్నర్‌పేటలో అయినా టీ కొట్టు దగ్గర నలుగురు చేరి క్రికెట్ మొదలుపెడితే పావుగంటలో ఫోన్లు బయటికొస్తాయి. ఒకరు గూగుల్‌లో పైన కనిపించిన అంకె చదువుతారు. ఇంకొకరు వాట్సాప్‌లో వచ్చిన రంగుల కార్డు చూపిస్తారు. మూడో ఆయన జ్ఞాపకం మీద గట్టిగా చెబుతాడు. ముగ్గురివీ మూడు లెక్కలు. వీటిని తేల్చడానికి నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్ఫో అనే క్రికెట్ వెబ్‌సైట్‌లో రికార్డులు వెతికే విభాగం, స్టాట్స్‌గురు. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. టెస్టులు, వన్డేలు, అంతర్జాతీయ టీ20లు అన్నీ అందులో ఉంటాయి. మైదానంలో ఏం జరిగిందో తేల్చడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. అయితే ప్రశ్న తప్పుగా అడిగితే తప్పు జవాబునూ అంతే ధీమాగా పట్టిక వేసి చూపిస్తుంది. సగం గొడవలు అక్కడే పుడతాయి.

మా గుంటూరులో ఎన్నేళ్లయినా తెగని వాదన అంబటి రాయుడిది. 2019 ప్రపంచకప్‌కు అతన్ని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. ఆ సెలెక్షన్ కమిటీ ఛైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరు జిల్లాయే. ఇద్దరూ మనవాళ్లే కావడంతో ఈ చర్చ ఇక్కడ వేరే ఊళ్లలో కంటే ఘాటుగా నడుస్తుంది. రాయుడి అభిమానులు "వన్డేల్లో 47.05 సగటు ఉన్నవాణ్ని ఎలా తీసేస్తారు?" అంటారు. అవతలివాళ్లు "ఫామ్ పోయింది కాబట్టి తీసేశారు" అంటారు. ఒకరిది కెరీర్ మొత్తం లెక్క, ఇంకొకరిది చివర్లో చూసిన రెండు మ్యాచ్‌ల గుర్తు. జట్టు ప్రకటించిన రోజుకు అతని లెక్క ఏ స్థితిలో ఉందో ఎవరూ చూడరు.

అది చూడటం రెండు నిమిషాల పని. వెతికే పెట్టెలో ఆటగాడి పేరు కొట్టండి. ఫలితాల్లో ఒకే ఆటగాడికి నాలుగైదు లింకులు వస్తాయి. మొదటిది మూడు ఫార్మాట్లూ కలిపినది, చాలామంది దాన్నే నొక్కి టెస్టులు, వన్డేలు కలిసిపోయిన సగటు పట్టుకొని వాదనకు దిగుతారు. మీరు వన్డేల లింకునే నొక్కండి. బ్యాటింగ్ ఎంచుకొని, వ్యూ అనే వరుసలో క్యుములేటివ్ యావరేజ్ దగ్గర చుక్క పెట్టి సబ్మిట్ చేయండి. ఒక్కో మ్యాచ్ ముగిశాక అప్పటిదాకా సగటు ఎంతో వరుసగా వస్తుంది.

2019 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పర్యటన ముగిసేసరికి రాయుడివి 52 మ్యాచ్‌ల్లో 1661 పరుగులు, సగటు 50.33. ఆ సిరీస్‌లో అతని స్కోర్లు 13 నాటౌట్, 47, 40 నాటౌట్, 0, 90. మొత్తం 190, మన జట్టులో అందరికంటే ఎక్కువ. మార్చిలో ఆస్ట్రేలియా మీద హైదరాబాద్, నాగ్‌పూర్, రాంచీల్లో 13, 18, 2 కొట్టాడు. సగటు 47.05కు దిగింది. ఏప్రిల్ 15న జట్టు వచ్చింది. ఈ వరుస ముందు పెట్టుకుంటే వాదన దానంతట అదే ఒక చోటికి చేరుతుంది: చివరి మూడు ఇన్నింగ్స్‌కు ఎంత బరువివ్వాలి? ఇది వాదించుకోదగ్గ ప్రశ్న. మూడు ఇన్నింగ్స్ కోసం వెల్లింగ్టన్‌లో కొట్టిన 90ని మరిచిపోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. బౌలింగ్ కూడా చేయగలవాడు కావాలనుకున్నారన్న మాటకు మాత్రం ఈ పట్టికలో జవాబు దొరకదు.

రాయుడి సగటు మీదే ఇంకో గొడవ వస్తుంది: "నాటౌట్లు తీసేసి చూడు మామా!" ఈ లెక్క ఎలా పనిచేస్తుందో తెలిస్తే అరుపులు తగ్గుతాయి. సగటు అంటే పరుగుల్ని ఇన్నింగ్స్‌తో భాగించడం కాదు, అవుటైన సార్లతో భాగించడం. రాయుడు 50 ఇన్నింగ్స్ ఆడాడు, 14 నాటౌట్లు. 1694ను 36తో భాగిస్తే 47.05. ఇన్నింగ్స్‌కు ఎన్ని అని అడిగితే 33.88. ధోనీకీ ఇంతే: 297 ఇన్నింగ్స్, 84 నాటౌట్లు, 10773 పరుగులు, సగటు 50.57. ఇన్నింగ్స్‌కు చూస్తే 36.27. ఆరో నంబర్లో వచ్చి చివరిదాకా నిలబడేవాడికి నాటౌట్ అనేది ఉచితంగా వచ్చే మార్కు కాదు, అదే అతని ఉద్యోగం. అందుకని ఓపెనర్ సగటునూ ఫినిషర్ సగటునూ ఎదురెదురు పెట్టకూడదు. ఒకే స్థానంలో ఆడినవాళ్లను బ్యాటింగ్ పొజిషన్ ఫిల్టర్‌తో వేరుచేసి పోల్చాలి. ఇంకో చిన్న సంగతి: ఈ సైట్ మూడో దశాంశాన్ని సవరించదు, కోసేస్తుంది. ధోనీది నిజానికి 50.577. క్యాలిక్యులేటర్‌లో 50.58 వచ్చిందని అవతలివాళ్లతో తగువు పడక్కర్లేదు.

ధోనీ లెక్కలో ఇంకో మెలిక ఉంది. 350 వన్డేలు, 10773 పరుగులు అని ఒక చోట, 347 వన్డేలు, 10599 పరుగులు అని ఇంకో చోట కనిపిస్తే రెండూ సరైనవే. మూడు మ్యాచ్‌లు ఆసియా ఎలెవన్ (ఆసియా దేశాల ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) తరఫున ఆడాడు, వాటిలో 174 పరుగులు. టీమ్ ఫిల్టర్‌లో ఇండియా పెడితే అవి జారిపోతాయి. టెస్టుల్లో ద్రావిడ్ 13288, సెహ్వాగ్ 8586 కూడా ఇలాంటివే, ఇద్దరూ ఐసీసీ వరల్డ్ ఎలెవన్‌కు ఒక్కో టెస్టు ఆడారు. ఇండియా వరకే అయితే 13265, 8503. పందెం కట్టే ముందు ఏ లెక్క తీసుకోవాలో మాట్లాడుకోండి.

బ్యాటింగ్ పొజిషన్ ఫిల్టర్ మంచిదే గానీ అది కోసే కోత లోతుగా ఉంటుంది. దీనికి లక్ష్మణ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 134 టెస్టులు, 8781 పరుగులు, 17 సెంచరీలు, అందులో 6 ఆస్ట్రేలియా మీదే. లక్ష్మణ్ అనగానే అందరూ ఐదు, ఆరు స్థానాల ఆటగాడనే అనుకుంటారు. అక్కడికే ఫిల్టర్ పెడితే 2001 కోల్‌కతా టెస్టులో మొదటి ఇన్నింగ్స్ 59 వస్తుంది, రెండో ఇన్నింగ్స్ 281 మాయమైపోతుంది. ఫాలో ఆన్‌లో (వెంటనే రెండోసారి బ్యాటింగ్ చేయాల్సి వచ్చినప్పుడు) అతన్ని మూడో నంబర్లో పంపారు మరి. ఏ ఫిల్టర్ పెట్టినా, ఆటగాడి పేరు చెప్పగానే గుర్తొచ్చే ఇన్నింగ్స్ పట్టికలో ఉందో లేదో ఇన్నింగ్స్ వారీ వ్యూలో ఒకసారి చూసుకోండి. లేకపోతే ఫిల్టర్ మరీ బిగించారని అర్థం.

ఇంకో ఫిల్టర్ హోమ్ (సొంతగడ్డ), అవే (ప్రత్యర్థి గడ్డ), న్యూట్రల్ (ఇద్దరిదీ కాని చోటు). విదేశాల్లో ఎలా ఆడాడన్న ప్రశ్నకు చాలామంది అవే ఒక్కటే టిక్ చేస్తారు. అప్పుడు 2003 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికాలో ఆస్ట్రేలియాతో ఆడిన ఫైనల్ లాంటివి లెక్కలోకి రావు, ఎందుకంటే అది రెండు జట్లకూ న్యూట్రల్. టెస్టుల్లో పెద్దగా తేడా రాదు, వన్డేల్లో మాత్రం చాలా వస్తుంది. అవే, న్యూట్రల్ రెండూ టిక్ చేయడమో, హోస్ట్ కంట్రీ ఫిల్టర్‌తో దేశాల్ని విడిగా ఎంచుకోవడమో మంచిది.

ఆల్‌టైమ్ జాబితా తీసేటప్పుడు కనీస ఇన్నింగ్స్ పెట్టకపోతే నవ్వులపాలవుతారు. టెస్టు సగటుల్లో కర్టిస్ ప్యాటర్సన్ 144.00, ఆండీ గాంటోమ్ 112.00 వచ్చి బ్రాడ్‌మన్ 99.94 మీద కూర్చుంటారు. ప్యాటర్సన్ ఆడింది రెండు టెస్టులు, గాంటోమ్ ఆడింది ఒకే ఇన్నింగ్స్. క్వాలిఫికేషన్ గడిలో టెస్టులకు 20 ఇన్నింగ్స్, వన్డేలకు 40 పెట్టడం నా అలవాటు. ఈ అంకెను కూడా పట్టిక తెరవకముందే ఒప్పుకోవాలి. తెరిచాక మార్చితే ఎవరికి ఇష్టమైనవాణ్ని వాళ్లు పైకి తెచ్చుకునేలా గడి జరుపుతూనే ఉంటారు.

కోహ్లీ, రోహిత్ అభిమానుల టీ20 గొడవలో ఈ సైట్ సగమే సాయపడుతుంది. అంతర్జాతీయ టీ20ల్లో కోహ్లీ 4188 పరుగులు, సగటు 48.69, స్ట్రైక్ రేట్ (వంద బంతులకు కొట్టే పరుగులు) 137.04. రోహిత్ 4231 పరుగులు, సగటు 32.05, స్ట్రైక్ రేట్ 140.89, 5 సెంచరీలు. ఒకరి బలం సగటులో, ఇంకొకరిది వేగంలో. ఏది ఎక్కువ విలువైనదో పట్టిక చెప్పదు. చెప్పలేదని దాన్ని తిట్టడం తగదు. సచిన్, కోహ్లీ వన్డే వాదనకు మాత్రం మంచి దారి ఒకటుంది, ఎక్కువమంది వాడరు. ఆటగాడి పేరు కాకుండా అగ్రిగేట్ రికార్డులు తీసుకొని, ఏడాది వారీగా గ్రూప్ చేయండి. ఆ ఏడాది ప్రపంచంలో బ్యాటర్లందరి సగటు, స్ట్రైక్ రేట్ వస్తాయి. సచిన్ స్ట్రైక్ రేట్ 86.23ని అతని కాలంతో, కోహ్లీని అతని కాలంతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2011 అక్టోబర్ నుంచి వన్డేల్లో రెండు కొత్త బంతులు వచ్చాయి, ఆ తర్వాత ఫీల్డింగ్ నిబంధనలూ మారాయి. సెంచరీలు ఎవరివి ఎక్కువ అని అరుచుకోవడం కంటే ఇది ఎంతో మేలు. పాత మ్యాచ్‌ల్లో బంతుల లెక్క పూర్తిగా ఉండదు కాబట్టి 80ల నాటి స్ట్రైక్ రేట్ల మీద మరీ బరువు పెట్టొద్దు.

విజయవాడ కుర్రాళ్లకు గ్రౌండ్ ఫిల్టర్ తప్పక చూపించాలి. ఇందిరాగాంధీ స్టేడియంలో పురుషుల వన్డే ఒక్కటే జరిగింది, 2002 నవంబర్ 24న. వెస్టిండీస్ 315, మార్లన్ శామ్యూల్స్ 75 బంతుల్లో 108 నాటౌట్, మనవాళ్లు 135 పరుగుల తేడాతో ఓడారు, సిరీస్ 4-3తో చేజారింది. మూలపాడులో 2016లో మన అమ్మాయిలు వెస్టిండీస్‌తో ఆడిన మ్యాచ్‌లు ఇక్కడ వెతికితే కనిపించవు. మహిళల క్రికెట్ వేరే విభాగం, పైన ఫార్మాట్ ఎంచుకునే చోటే మార్చుకోవాలి.

పట్టిక అడ్రస్‌లోనే మీ ఫిల్టర్లన్నీ ఉంటాయి. లింకు కాపీ చేసి గ్రూపులో వేస్తే అందరికీ అదే పట్టిక తెరుచుకుంటుంది, స్క్రీన్‌షాట్ కంటే నమ్మకం. ఇంకా ఆడుతున్న ఆటగాడైతే తేదీ గడిలో చివరి తేదీ వేసి పంపండి. వేయకపోతే నెల తర్వాత అదే లింకులో అంకెలు మారిపోతాయి, మీరు అబద్ధం చెప్పారని నింద పడుతుంది. ఫోన్‌లో వరుసలు చాలా వెడల్పు, అడ్డంగా తిప్పి చూడాల్సిందే. ఫిల్టర్లు పెట్టే పని కంప్యూటర్‌లో చేసి, ఫోన్‌లో చదువుకోవడం సుఖం.

అసలు లోటు ఐపీఎల్. స్టాట్స్‌గురు అంతర్జాతీయ మ్యాచ్‌లకే. ఐపీఎల్ రికార్డులు అదే సైట్‌లో విడి పేజీల్లో ఉన్నా, ఛేజింగ్‌లో మూడో నంబర్లో ఎంత కొట్టాడు లాంటి జోడింపులు అక్కడ కుదరవు. మన దగ్గర వాదనల్లో ఎక్కువ భాగం చెన్నై, సన్‌రైజర్స్, బెంగళూరు అభిమానుల మధ్యే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. దీనికి నేను వాడేది క్రిక్‌షీట్ అనే వెబ్‌సైట్. బంతి బంతికీ ఉన్న డేటాను ఉచితంగా దించుకోవచ్చు. సీఎస్‌వీ ఫైలు తీసుకొని ఎక్సెల్‌లో పివట్ (వరుసల్ని గుంపులుగా కూడి చూపే పట్టిక) వేస్తే చాలు. కానీ కొన్ని చోట్ల లెక్క తప్పుతుంది. వైడ్ బంతిని బ్యాటర్ ఆడిన బంతిగా లెక్కించకూడదు, నోబాల్‌ను లెక్కించాలి. వైడ్లు, నోబాల్స్ పరుగులు బౌలర్ ఖాతాలోకి వెళ్తాయి. బైలు, లెగ్‌బైలు వెళ్లవు. రనౌట్ బౌలర్ వికెట్ కాదు. సూపర్ ఓవర్ పరుగులు కెరీర్‌లో కలపకూడదు. వీటిలో ఒక్కటి మరిచినా క్రిక్‌ఇన్ఫో అంకెతో మీ అంకె కలవదు.

జట్ల పేర్లూ జాగ్రత్త. ఢిల్లీ డేర్‌డెవిల్స్, ఢిల్లీ క్యాపిటల్స్ ఒకే ఫ్రాంచైజీ. కింగ్స్ ఎలెవన్ పంజాబ్, పంజాబ్ కింగ్స్ కూడా అంతే. 2024 నుంచి బెంగళూరు పేరు స్పెల్లింగ్ మారింది, పివట్‌లో రెండు వరుసలుగా చీలిపోతుంది, కలపాలి. డెక్కన్ ఛార్జర్స్, సన్‌రైజర్స్‌ను మాత్రం కలపకండి. ఛార్జర్స్ ఫ్రాంచైజీ 2012లో రద్దయింది, సన్‌రైజర్స్ కొత్తగా వేలంలో వచ్చిన జట్టు. 2009 కప్ ఛార్జర్స్‌ది, సన్‌రైజర్స్ ఖాతాలో ఉన్నది 2016 కప్ ఒక్కటే.