గ్రూప్ క్లాసా, పర్సనల్ ట్రైనింగా: కమ్యూనిటీ జిమ్‌లో ఏది మేలు?

కమ్యూనిటీ జిమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "గ్రూప్ క్లాసుల్లో చేరమంటారా, ట్రైనర్ని పెట్టుకోమంటారా?" జవాబు చెప్పేముందు నేనూ ఒకటి అడుగుతాను. ఇంతకుముందు ఎప్పుడైనా వ్యాయామం మొదలుపెట్టి మానేశారా, మానేస్తే ఎందుకు మానేశారు అని. "నాలుగు రోజులు వెళ్ళాను, తర్వాత బద్ధకమేసింది" అంటారు కొందరు. "మోకాలు పట్టేసింది, భయమేసి మానేశాను" అంటారు ఇంకొందరు. పైకి రెండూ మానేయడమే. కానీ మొదటివాళ్ళకి కావాల్సింది, రాని రోజున ఏమైందని అడిగే మనిషి. రెండోవాళ్ళకి కావాల్సింది, వచ్చిన రోజున ఎలా చేస్తున్నారో చూసే మనిషి. క్లాసులో మొదటిది దొరుకుతుంది, ట్రైనింగ్‌లో రెండోది.

నేను మూడేళ్ళు క్లాసులకి వెళ్ళాను. ఆ తర్వాత కొన్ని నెలలు ట్రైనర్ దగ్గర విడిగా నేర్చుకున్నాను. అందుకే రెండిటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడగలననుకుంటున్నాను.

క్లాసు చేసే మేలు చిన్నది కాదు. పొద్దున ఆరింటికి అలారం మోగినప్పుడు మనల్ని మంచం దింపేది ఆరోగ్యం మీద శ్రద్ధ ఒక్కటే కాదు. హాల్లో మూడో వరసలో మన చోటు ఖాళీగా ఉంటే పక్కావిడ చూస్తుంది, మర్నాడు "నిన్న రాలేదేం?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాటకోసం నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. 1920లలో జర్మనీలో ఓటో కోహ్లర్ అనే ఆయన పడవ నడిపే క్లబ్బు సభ్యులతో బరువులెత్తించి చూశాడు. ఒకరు ఆగిపోతే ఇద్దరూ ఆగిపోవాల్సిన చోట, ఇద్దరిలో బలహీనుడు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఇద్దరి శక్తిలో ఓ మోస్తరు తేడా ఉన్నప్పుడే ఇది బాగా పనిచేసింది. తేడా మరీ ఎక్కువైనా, అసలు లేకపోయినా అంత ఫలితం రాలేదు. బ్యాచ్ ఎంచుకునేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకుంటే మంచిది. మనకంటే కాస్త ముందున్నవాళ్ళ మధ్య చేరాలి, మరీ ఆరితేరినవాళ్ళ మధ్య కాదు.

2009లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రోయింగ్ (పడవ నడిపే) జట్టు మీద ఇంకో చిన్న ప్రయోగం జరిగింది. పడవ తెడ్డు వేసినట్టు లాగే మెషీన్ల మీద ఒక్కొక్కరే చేసినప్పటికంటే అందరూ కలిసి చేసిన తర్వాత నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగినట్టు తేలింది, పడిన శ్రమలో తేడా లేకపోయినా సరే. క్లాసు అయ్యాక ఒళ్ళంతా చెమటతో, మొహం మాత్రం వెలిగిపోతూ బయటికొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఆ ప్రయోగమే గుర్తొస్తుంది.

ఇక క్లాసులో దొరకనిదేమిటో చూద్దాం. ఒక లెక్క వేయండి. 45 నిమిషాల క్లాసు, 25 మంది, ఒక్క ట్రైనర్. ఆయన ఇంకే పనీ పెట్టుకోకుండా అందరినీ సమానంగా చూసినా ఒక్కొక్కరికి 108 సెకన్లు. నిజానికి ఆయన ముందు నిలబడి చేసి చూపించాలి, లెక్కపెట్టాలి, పాట మార్చాలి, వెనక వరసకి వినపడేలా అరవాలి. మన వంతుకి ఎన్ని సెకన్లు మిగులుతాయో చెప్పక్కర్లేదు.

నా సంగతే చెప్తాను. మూడేళ్ళు స్క్వాట్లు, అంటే కూర్చుని లేచే వ్యాయామం చేశాను, వేలల్లో చేసి ఉంటాను. కుడి మోకాలి ముందు భాగంలో ఒక సన్నటి నొప్పి, మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది. వయసనుకున్నాను. విడిగా ట్రైనింగ్ మొదలుపెట్టిన రోజు ట్రైనర్ నా చేతికి ఏ బరువూ ఇవ్వలేదు. "ఊరికే కూర్చుని లేవండి" అని, తను పక్కనే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నా పాదాలకేసి చూశాడు. మూడోసారి కిందికి దిగుతుండగా "ఆగండి, అలాగే ఉండండి" అన్నాడు. నా కుడి మడమ కింద తన చూపుడువేలు దూర్చి చూపించాడు. మడమ నేలమీద లేదు! ఎడమది ఆనే ఉంది.

తర్వాత గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. బొటనవేలు గోడకి కాస్త ఎడంగా పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడని తాకమన్నాడు. ఎడమ కాలికి నాలుగు వేళ్ళ ఎడం వచ్చింది, కుడికాలికి రెండు వేళ్ళు కూడా రాలేదు. చీలమండ సరిగా వంగక, ఆ భారమంతా మోకాలి మీద పడుతోందన్నమాట. రెండున్నర కిలోల ప్లేటు ఒక్కో మడమ కింద పెట్టి మళ్ళీ చేయించాడు. కిందిదాకా వెళ్ళొచ్చాను, నొప్పి లేదు. చీలమండకి రోజూ చేయాల్సినవి రెండు చెప్పి పంపాడు. ఇదంతా అయిన సమయం పదిహేను నిమిషాలు. మూడేళ్ళుగా నన్ను చూస్తున్న క్లాసు ట్రైనర్ల తప్పేమీ లేదు ఇందులో. ముందు వేదిక మీంచి చూస్తే ఎవరికీ మడమలు కనపడవు, అంతే.

బరువు పెంచడం ఇంకో విషయం. కండరం బలపడాలంటే దానిమీద పడే భారం కొద్దికొద్దిగా పెరుగుతూ పోవాలి. 1940లలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్ గాయపడిన సైనికుల కాళ్ళకి ఇలా వారం వారం బరువు పెంచుతూ వ్యాయామం చేయించి మంచి ఫలితాలు చూపించాడు. ఈనాటికీ అదే సూత్రం. క్లాసులో ఇది జరగడం కష్టం. పాట వేగానికి తగ్గట్టు చేయాలి కాబట్టి చేతిలో తేలికపాటి డంబెళ్ళే ఉంటాయి. మొదటి వారం మూడు కిలోలు పట్టుకున్నాను, మూడో ఏట కూడా మూడు కిలోలే! ఆయాసం తగ్గింది, దమ్ము పెరిగింది, నిజమే. కానీ ఒక నిండు బకెట్టు ఎత్తాలంటే పడే ఇబ్బంది మాత్రం అలాగే ఉంది. ట్రైనర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. పోయిన వారం ఎంత బరువు, ఎన్ని రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తాను), ఏ సెట్టులో (విడతలో) వణికాను, అన్నీ అందులో ఉండేవి. వారం తిరిగేసరికి ఒక కిలో పెరిగేది, లేదా రెండు రెప్స్ పెరిగేవి. 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒకే ప్రణాళికని 12 వారాలు కొందరు ట్రైనర్ ఎదురుగా, కొందరు సొంతంగా చేశారు. ట్రైనర్ ఎదురుగా చేసినవాళ్ళు బరువులు త్వరగా పెంచుకున్నారు, బలం కూడా వాళ్ళకే ఎక్కువ పెరిగింది. ఇందులో పోలిక క్లాసుతో కాదు, ఒంటరిగా చేయడంతో. అయినా పక్కన ఒక మనిషి ఉంటే కలిగే ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలని బలపరిచే పని ఉండాలి. 65 దాటినవాళ్ళకి బ్యాలెన్స్ పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలి. నాలుగు క్లాసులకి వెళ్తే 180 నిమిషాలు, మొదటిది తీరిపోయినట్టే. రెండోది, పాటలకి డాన్సు చేసే జుంబా లాంటి క్లాసులతో తీరదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, చెమట పట్టింది కదా అన్నీ అయిపోయాయనుకుంటారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ఇది ముఖ్యం. మంచం దింపి జిమ్‌కి తీసుకెళ్ళే ఆ తోటివాళ్ళ బలమే, ఆగాల్సిన చోట ఆగనివ్వదు. మొదటి రోజే స్పిన్ క్లాసులో (కదలని సైకిళ్ళు తొక్కే క్లాసు) అందరితో సమానంగా తొక్కి, కండరాలు దెబ్బతిని ఆసుపత్రి పాలైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. రాబ్డోమయోలిసిస్ అంటారు దాన్ని. కండరాల్లోంచి విడుదలైన పదార్థాలు కిడ్నీలని దెబ్బతీస్తాయి. మామూలు ఒళ్ళునొప్పులైతే ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతాయి. అలా కాకుండా కండరాలు బాగా వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొత్తవాళ్ళు మొదటి రెండు వారాలు సగం క్లాసుకే ఆగిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

ట్రైనింగ్‌లో లోపాలు లేవని కాదు. ఖర్చెక్కువ. ట్రైనర్ సెలవు పెడితే మనమూ సెలవే. పైగా అందరు ట్రైనర్లూ ఒకలా ఉండరు. పక్కన నిలబడి "పది, తొమ్మిది, ఎనిమిది" అని లెక్కపెట్టడం ట్రైనింగ్ కాదు, ఆ పని మనమే చేసుకోగలం. మొదటి రోజు పాత దెబ్బలు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు అడక్కుండా బరువు చేతికిచ్చేవాళ్ళ దగ్గర నేనైతే చేరను. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవాళ్ళ గుండె వేగం పెద్దగా పెరగదు. అలాంటివాళ్ళని వాచీలో అంకె చూసి ఇంకా పరిగెత్తమంటే ప్రమాదం. వాళ్ళకి మాటల పరీక్షే మేలు. మాట్లాడగలిగి, పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ.

ఈ రెండిటికీ మధ్య ఒకటుంది, చిన్న బ్యాచ్. అయిదుగురికి ఒక ట్రైనర్. అదే 45 నిమిషాలని అయిదుగురికి పంచితే తలా తొమ్మిది నిమిషాలు, 108 సెకన్లు కాదు. ఎవరి బరువు వాళ్ళది, నోట్‌బుక్ ఉంటుంది, రాకపోతే అడిగేవాళ్ళూ ఉంటారు. ఖర్చు కూడా పంచుకుంటారు కాబట్టి విడిగా నేర్చుకునేదానికంటే తక్కువే పడుతుంది. ఇందులో వచ్చే చిక్కల్లా ఇద్దరు మానేస్తే బ్యాచ్ చెదిరిపోవడం. మీ జిమ్‌లో ఇది లేకపోతే అడగండి. నలుగురు కలిసి వెళ్ళి అడిగితే మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.

నన్ను గట్టిగా తేల్చమంటే, కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇది. ముందు అయిదారు సెషన్లు విడిగా తీసుకోండి. కూర్చుని లేవడం, నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి బరువెత్తడం, తోయడం, లాగడం, బరువు మోసుకుని నడవడం, ఈ అయిదూ సరిగ్గా నేర్చుకోండి. తర్వాత రెండు రోజులు చిన్న బ్యాచ్, రెండు రోజులు పెద్ద క్లాసు. డబ్బు సరిపోకపోతే ఆ అయిదారు సెషన్లు మాత్రం వదలకండి, మిగతాదంతా క్లాసులతో నడిపించండి. ఎప్పుడూ మధ్యలో మానేసేవాళ్ళయితే క్లాసుతోనే మొదలుపెట్టండి, ఒక నెల నిలబడ్డాక ట్రైనర్ సంగతి చూడండి. పాత నొప్పులున్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్నడిగి విడిగానే మొదలుపెట్టాలి, ఇందులో రెండో మాట లేదు.

చేరేముందు ఒకరోజు ఊరికే వెళ్ళి హాల్లో గోడపక్కన నిలబడండి. మొదలుపెట్టేముందు "కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా, ఎవరికైనా నొప్పులున్నాయా" అని ట్రైనర్ అడిగారా లేదా వినండి. క్లాసు జరుగుతున్నంతసేపూ ఆయన ముందు వేదిక దిగి వరసల మధ్యకి ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టండి, వెనక వరసదాకా వచ్చారా అన్నది మరీ చూడండి.