కూనూరు టీ, గుంటూరు నీళ్లు

ముందే చెప్పేస్తున్నా. టీ కోసం నీలగిరి వెళ్లేవాళ్లు ఊటీలో గది తీసుకోకండి, కూనూరులో దిగండి. ఊటీ అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే. చూడాలనిపిస్తే ఒక పూట వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మేం సరిగ్గా దీనికి తిరగేసి ప్లాన్ చేసుకుని, ఆఖరి నిమిషంలో ఊటీ హోటల్ దొరక్క కూనూరులో పడ్డాం. అదే మా అదృష్టం.

వెళ్లింది ముగ్గురం: నేను, మా ఆయన, మా అత్తయ్యగారు. ఆవిడ దృష్టిలో టీ అంటే పొయ్యి మీద పది నిమిషాలు కుతకుతా ఉడకాలి, అల్లం దంచి వెయ్యాలి, రంగు ఇటుక రంగుకి తిరగాలి. అందుకే బ్యాగులో చీరల మధ్య సొంత టీపొడి, అల్లం ముక్క, చిన్న గిన్నె కూడా సర్దుకొచ్చారు. "టీ తోటలకి వెళ్తూ టీపొడి పట్టుకెళ్లడమేంటి అత్తయ్యా?" అన్నాను. "పెళ్లివారింటికి వెళ్తూ కూడా నా మందులు నేను పట్టుకెళ్తానమ్మా" అన్నారు.

సంక్రాంతి, పొంగల్ రద్దీ తగ్గాక జనవరి ఆఖరి వారంలో బయల్దేరాం. చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టర్లు మోయక తప్పదు. కానీ మంచు పడే రోజుల్లో మాత్రమే కోసే ఫ్రాస్ట్ టీకి కాలం అదే. గుంటూరులో సాయంత్రం శబరి ఎక్కితే పొద్దున్నే కోయంబత్తూరు. అక్కడి నుంచి మేట్టుపాళయం బస్సులో గంటన్నర పట్టింది. కొండ రైలు పొద్దున 7.10కి కదులుతుంది కాబట్టి ముందురోజు రాత్రి మేట్టుపాళయంలో ఉండాల్సిందే. స్టేషన్ దగ్గర తీసుకున్న లాడ్జి గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. వేడినీళ్లు ఉన్నాయన్నాడు, ఉన్నాయి కూడా, కాకపోతే ఏడు తర్వాత వస్తాయట. రైలు కూడా ఏడుకేగా!

ఆ ఊళ్లో గుర్తుండిపోయింది బస్టాండు పక్క బండి మీద తాగిన సుక్కు కాపీ. పేరులో కాపీ ఉంది గానీ ఆ బండివాడు కాఫీపొడి వెయ్యలేదు. శొంఠి, ధనియాలు, తాటిబెల్లం, అంతే. అత్తయ్యగారు రెండు గ్లాసులు తాగి, "మనింట్లో జలుబు చేస్తే ఇచ్చేదే. వీళ్లు దీన్ని అమ్ముకుంటున్నారు, మనం పిల్లల ముక్కు మూసి పోస్తున్నాం" అన్నారు.

కొండ రైలు గురించి రాయడం మొదలుపెడితే ఇక టీ దాకా రాలేను, అందుకని నాలుగు మాటలు. కూనూరు దాకా లైను 1899లో తెరిచారు, ఊటీ దాకా 1908లో. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ దాటాక పట్టాల మధ్య రంపం పళ్లలాంటి పట్టా మొదలవుతుంది. ఇంజను కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని, వెనక నుంచి పెట్టెల్ని పైకి నెడుతుంది. సుమారు పన్నెండు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి లేచేంత వాలు. టికెట్లు మాత్రం బుకింగ్ తెరిచిన రోజే చూసుకోవాలి, తర్వాత చూస్తే వెయిటింగ్ లిస్టే. సీట్లు ఇరుకు, మోకాళ్లు ఎదుటివాళ్లకి తగులుతాయి. హిల్‌గ్రోవ్‌లో ఆగినప్పుడు వడలు కొనండి గానీ చేతిలో పట్టుకుని నిలబడకండి, కోతులు మనకంటే చురుకు. మా ఆయనకి ఒక వడ తగ్గింది.

కారులో వచ్చేవాళ్లు ఈ-పాస్ సంగతి మర్చిపోవద్దు. హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి బయటి బళ్లకి అది ఉండాలి. ఉచితమే, ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలకి జిల్లా మొత్తం మీద నిషేధం ఉంది, ఇంటి నుంచి స్టీలు సీసా తెచ్చుకోండి.

ఇక బస. కూనూరు బజారుకి నాలుగు కిలోమీటర్ల అవతల ఒక బడగ కుటుంబం (బడగలంటే నీలగిరి కొండల స్థానికులు) నడిపే హోమ్‌స్టే. రెండు గదులు, వెనక రెండెకరాల టీ తోట. గదికి రోజుకి మూడున్నర వేలు, ఉదయం టిఫిన్ అందులోనే. లోపాలు ముందు చెప్తాను: ఆటో దొరకదు, చీకటి పడితే తోటలోకి అడవిదున్నలు వస్తాయి కాబట్టి ఏడు తర్వాత గుమ్మం దాటనివ్వరు, ఫోన్ సిగ్నల్ ఒక్క కిటికీ దగ్గరే. గదిలో హీటరు అడిగితే రోజుకి మూడొందలు అదనం. ఇంటి యజమాని పెద్దాయన చాలా ఏళ్లు ఒక టీ ఎస్టేటులో టీ రుచి చూసే పని చేశారట. ఈ ఒక్క ముక్కతో పై లోపాలన్నీ కొట్టుకుపోయాయి.

మొదటి సాయంత్రం అత్తయ్యగారు వంటింట్లోకి చొరవగా వెళ్లి తన గిన్నె పొయ్యి మీద పెట్టారు. పావుగంట తర్వాత చిరాగ్గా బయటికొచ్చారు. "నీళ్లు తెర్లుతున్నాయే గానీ డికాషన్ దిగట్లేదమ్మా. వీళ్ల గ్యాసులో ఏదో లోపం ఉంది." పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్తే పగలబడి నవ్వారు. కూనూరు సముద్రమట్టానికి 1,850 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి తక్కువ, అందుకని నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కవు. లోపం గ్యాసుది కాదన్నమాట. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఈ ఆరు డిగ్రీల తేడా ఇంటికెళ్లాక నాకే తిరిగి తగిలింది.

మర్నాడు పొద్దున ఆయన వరండాలో బల్ల మీద ఐదు తెల్ల కప్పులు పెట్టారు. మనిషికి ఐదొందలు, గంటన్నర. ఈ యాత్రలో పెట్టిన ఖర్చుల్లో నాకు బాధ లేనిది ఇదొక్కటే. తెల్ల టీ, పచ్చ టీ, ఊలాంగ్, ఆకు టీ, మనం ఇంట్లో వాడే గుళిక టీ. ఐదూ ఒకే మొక్క నుంచి వచ్చేవే. తెల్ల టీకి మొగ్గల్ని కోసి వాడబెట్టి ఆరబెడతారు, అంతే. పచ్చ టీకి ఆకుని వెంటనే ఆవిరిలోనో బాణలిలోనో వేడి చేసి, అది నల్లబడకుండా ఆపేస్తారు. జామకాయ ముక్క కోసి వదిలేస్తే రంగు మారుతుంది చూడండి, ఆకుని నలిపితే అదే జరుగుతుంది. సగంలో ఆపితే ఊలాంగ్, పూర్తిగా జరగనిస్తే నల్ల టీ. ఫ్యాక్టరీవాళ్లు దీన్ని ఫర్మెంటేషన్ అంటారు గానీ, నిజానికి పులియడం ఏమీ లేదు, గాలి తగిలి మారడమే.

రుచి చూసే వృత్తివాళ్లు నూరు మిల్లీలీటర్ల మరిగే నీళ్లకి రెండు గ్రాముల ఆకు వేసి ఆరు నిమిషాలు ఉంచుతారట. అది తాగడానికి కాదు, తప్పులు పట్టడానికి. మనం తాగేటప్పుడు కప్పుకి రెండు గ్రాములు చాలు. పచ్చ టీకి ఎనభై డిగ్రీలు దాటని నీళ్లు, రెండు నిమిషాలు. ఆకు టీకి తొంభై పైన, మూడు నిమిషాలు. తెల్ల టీ ఓపిక అడుగుతుంది, ఎనభైలో ఐదు నిమిషాలు. థర్మామీటర్ లేకపోతే? మరిగిన నీళ్లని ఒక ఖాళీ కప్పులోకి, అందులోంచి మరో కప్పులోకి వంచమన్నారు. వంచిన ప్రతిసారీ కొన్ని డిగ్రీలు దిగుతుంది.

ఫ్రాస్ట్ టీ చివర్లో పోశారు. మంచు పడే రాత్రుల్లో చెట్టు ఎదుగుదల మందగించి, చిగురులో వాసన చిక్కబడుతుందట. రంగు పల్చటి తేనె. మా ఆయన "ఏదో పువ్వు వాసన" అన్నారు. నాకు మాత్రం వాన వెలిశాక సంపెంగ చెట్టు కింద నిలబడినట్టుంది. అత్తయ్యగారు ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, మర్యాదగా, "బావుంది. ఇప్పుడు టీ ఎప్పుడిస్తారు?" అన్నారు.

ఫ్యాక్టరీ చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు. కూనూరు దగ్గర చూసినదాంట్లో జనం తక్కువ, గైడు ఓపిగ్గా చెప్పాడు. వాడబెట్టే తొట్ల దగ్గర నిలబడితే కోసిన గడ్డికీ ఆపిల్ పండుకీ మధ్య ఒక వాసన. కిలో టీకి సుమారు నాలుగున్నర కిలోల పచ్చాకు కావాలి. నాకు కొత్తగా తెలిసిందేమంటే డస్ట్ అనేది ఊడ్చిన చెత్త కాదు, జల్లెడలో చివరికి దిగే సన్నటి రకం పేరు. తొందరగా చిక్కటి డికాషన్ దిగుతుంది కాబట్టి మన దక్షిణాదిలో గిరాకీ దానికే. గైడు అది చెప్పినప్పుడు అత్తయ్యగారు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఊటీ పూట మాత్రం దండగ. టాక్సీ అతను, మేం అడక్కుండానే, దారిలో ఒక ఫ్యాక్టరీ దగ్గర ఆపాడు. టికెట్ కొని లోపలికెళ్తే గాజు అద్దాల వెనక నుంచి యంత్రాలు, క్యూ ఆగకుండా తోస్తున్నారు, చివర్లో బోలెడంత తీపి ఏలకుల టీ ఒక చిన్న కప్పు, ఆ తర్వాత తప్పించుకోలేని దుకాణం. అక్కడ నేనే బోల్తా పడ్డాను. అందమైన రేకు డబ్బాలో 'ఫ్రాస్ట్ టీ' వంద గ్రాములు తొమ్మిది వందలు పెట్టి కొన్నాను. డబ్బా మీద కోసిన నెల లేదు, తోట పేరు లేదు. సాయంత్రం పెద్దాయన మూత తీసి వాసన చూసి, ఏమీ అనకుండా మూత పెట్టేశారు. కొనేటప్పుడు ఆ రెండూ చూడండి: ఏ తోట, ఏ నెల. ప్రభుత్వ సంస్థ టాన్‌టీ దుకాణాల్లో ఇలాంటి సోకులేమీ ఉండవు, రోజువారీ టీకి అది చాలు. శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాలకి ఉపాధి కోసం పెట్టిన తోటలవి.

ఆకు కషాయాల సంగతి మూడో రోజు. పెద్దాయన భార్య పెరట్లోంచి నిమ్మగడ్డి, రోజ్‌మేరీ రెమ్మ కోసుకొచ్చారు. నిమ్మగడ్డిని ముడి వేసి, కొంచెం నలిపి, మూత పెట్టి ఐదు నిమిషాలు. మూత పెట్టకపోతే వాసనంతా వంటింటికే. రోజ్‌మేరీ రెండంగుళాల రెమ్మ చాలు, ఎక్కువైతే తలనూనె తాగినట్టుంటుంది. ఊళ్లో ఎక్కడ చూసినా నీలగిరి తైలమే కాబట్టి, ఆ ఆకుతో కూడా టీ కాచుకోవచ్చా అని అడిగాను. ఆవిడ గట్టిగా తల అడ్డంగా ఊపారు. ఆ తైలం కడుపులోకి వెళ్తే విషం, ఛాతీకి రాసుకోవడానికే. శంఖుపువ్వు నీళ్లు నీలంగా దిగి, నిమ్మరసం పిండగానే ఊదాగా మారాయి. చూడ్డానికి సరదా, తాగడానికి ఉత్త నీళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌కి పనికొస్తుంది.

తర్వాత ఒక సీసాలోంచి ఎండిన ఎర్రటి రేకలు తీసి వేడినీళ్లలో వేశారు. హైబిస్కస్ టీ, అంటే మందార టీ అన్నారు. దానిమ్మ రంగు, నాలిక జివ్వుమనే పులుపు. అత్తయ్యగారు గుక్క తాగారు, ఆగారు, కళ్లు పెద్దవి చేశారు.

"అమ్మాయ్, ఇది గోంగూరే."

నేను ఫోను పట్టుకుని సిగ్నల్ ఉన్న కిటికీ దగ్గరికి పరిగెత్తాను. నిజమే! మార్కెట్లో మందార టీ పేరుతో అమ్మేది మన పూజ మందారం కాదు, ఎర్ర గోంగూర జాతి మొక్క కాయని పొదివి ఉండే ఎర్రటి రేకలు. గుంటూరు మనిషికి గోంగూరని కూనూరులో కప్పులో పోసిచ్చారు, అదీ ఇంగ్లీషు పేరుతో. ఆ పూట ఆవిడ టీ గొప్పల గురించి ఇంకెవరి మాటా వినలేదు.

తిరిగొచ్చాక రెండో రోజు, పెద్దాయన దగ్గర కొన్న అసలు ఫ్రాస్ట్ టీ ఆర్భాటంగా పెట్టాను. అక్కడ చేసినట్టే మరిగే నీళ్లు పోసి మూడు నిమిషాలు. రంగు మురికిగా దిగింది, పైన నూనెలా సన్నటి తెట్టు, సంపెంగ లేదు, చేదు ఉంది. మోసపోయానేమోనని ఫోన్ చేశాను. ఆయన ఒకటే అడిగారు: "ఏ నీళ్లు?"

మాది బోరు నీళ్లు. బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, ఆ సున్నమే టీలో వగరు పదార్థాలతో కలిసి తెట్టు కడుతుంది, వాసనని చంపేస్తుంది. పైగా కూనూరులో 'మరిగే నీళ్లు' అంటే 94 డిగ్రీలు, గుంటూరులో నూరు. అల్లం, పాలు, పంచదార పడ్డాక ఇవేవీ తెలియవు, అందుకే ఇన్నేళ్లూ తెలియలేదు. మర్నాడు క్యాను నీళ్లు కాచి, రెండు నిమిషాలు ఆగి పోశాను. కూనూరు అంత కాదు గానీ, వాసన వచ్చింది. నీలగిరి టీ చల్లారినా తెల్లగా మసకబారదు కాబట్టి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం తాగితే ఇంకా బావుంది. మళ్లీ వెళ్తే వంద గ్రాములకి మించి కొనను. వాసన నెలల్లో దిగిపోతుంది, మేం తెచ్చిన అరకిలోలో సగం బంధువులకి పంచాల్సి వచ్చింది.

అత్తయ్యగారి నాలుగు గంటల టీ మాత్రం మారలేదు. అదే డస్ట్, అదే అల్లం, అదే బోరు నీళ్లు. కాకపోతే మొన్న అడిగారు, "ఆ ఎర్ర రేకలు వంద గ్రాములు ఎంతన్నారే?" అని. రెండు వందల యాభై అన్నాను. పెరట్లో ఎర్ర గోంగూర మడి వైపు చాలాసేపు చూశారు. ముప్ఫై ఏళ్లుగా ఆకు కోసుకోవడమే గానీ ఒక్క మొక్కనీ కాయ దాకా రానిచ్చిన మనిషి కాదు. మర్నాడు చూస్తే గోడవార రెండు మొక్కలకి ఎర్ర దారం కట్టి ఉంది. వాటిని ఎవరూ ముట్టుకోకూడదట.