సంఘం బల్ల దగ్గర లైసెన్సు పని: ఏది అప్పగించవచ్చు, ఏది అప్పగించకూడదు

కర్నూలు పాతబస్తీలో ఓ వర్తక సంఘం తన ఆఫీసులోనే సభ్యుల కోసం సహాయ కేంద్రం నడుపుతోంది. జీఎస్టీ నంబరు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు), ట్రేడ్ లైసెన్సు, కాటాకు ముద్ర, ఫుడ్ లైసెన్సు, ఫ్యాక్టరీ పెట్టేవాళ్లకు అనుమతులన్నీ ఒకే చోట అడిగే సింగిల్ డెస్క్ దరఖాస్తు, అన్నీ ఒకే గదిలో జరుగుతాయి. వ్యాపారం సులభం చేయడమే తమ పని అంటారు. కొన్ని పనుల్లో ఆ మాట అక్షరాలా నిజం. కొన్నింట్లో మాత్రం ఇవాళ్టి తిప్పట తప్పించి, ఏడాది తర్వాత పెద్ద తిప్పట తెచ్చిపెడతారు. అందుకే మొత్తానికి కలిపి ఒక మార్కు వేయడం కుదరదు, పని పనికీ విడిగా చూడాలి.

ముందు మంచి మాట. ఇక్కడి గుమాస్తాలు కంప్యూటరు ముందు కూర్చోకముందే కాగితాలు బల్ల మీద పరుస్తారు. పాన్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, కరెంటు బిల్లు పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం పోల్చుతారు. మన దగ్గర పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా ఉండటం మామూలే. షేక్ అనే మాట ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో చివర ఉంటుంది. ఇది దరఖాస్తు వేశాక బయటపడితే వారాలు పోతాయి, వేయకముందే బయటపడితే ఆధార్ కేంద్రానికి ఒక్కసారి వెళ్లొస్తే సరిపోతుంది. బయట నెట్ సెంటర్లలో ఈ పోల్చి చూసే పనే ఉండదు. అక్కడ ముందు దరఖాస్తు పంపించేస్తారు, తప్పులు తర్వాత తేలతాయి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఆగిపోయేది ఎక్కువగా అంగడి చిరునామా దగ్గరే. సొంత అంగడైతే పన్ను రసీదో, కరెంటు బిల్లో, మున్సిపల్ ఖాతా నకలో ఒకటి చాలు. బాడుగకైతే బాడుగ ఒప్పందం, దానితో పాటు యజమాని పేరున్న పై కాగితాల్లో ఒకటి కావాలి. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 ఏప్రిల్‌లో తన అధికారులకు ఇచ్చిన సూచనల్లో ఇది స్పష్టంగా ఉంది. ఒప్పందం రిజిస్టరు అయి ఉంటే యజమాని గుర్తింపు కార్డు అడగకూడదు, కాకుంటే అడగవచ్చు. కరెంటు బిల్లు బాడుగదారు పేరు మీదే ఉంటే, ఒప్పందంతో పాటు అది పెడితే సరిపోతుంది. ఈ సూచనల నకలు ఒకటి ఆ బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. లేనిపోని ఫొటోలు, యజమాని పాన్ కార్డు కావాలని ప్రశ్న వచ్చినప్పుడు దాన్ని చూపించే జవాబు రాస్తారు. ఈ ఒక్క పనికే సభ్యత్వం రుసుము గిట్టుబాటవుతుంది.

పాతబస్తీలో చిక్కు ఇంకో రకం. కరెంటు బిల్లు ఇప్పటికీ తాత పేరు మీదే వస్తుంటుంది. 2009 అక్టోబరు వరదల్లో దస్తావేజులు నీళ్ల పాలైన ఇళ్లున్నాయి. గుడ్‌విల్ ఇచ్చి తీసుకున్న అంగళ్లలో అసలు యజమాని ఎక్కడో, మొదటి బాడుగదారు ఎక్కడో, ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది మూడో మనిషి. ఇలాంటి చోట మొదటి బాడుగదారు సంతకంతో ఒప్పందం రాసి పంపేస్తే, కరెంటు బిల్లు మీద వేరే పేరు కనిపించి ప్రశ్న వస్తుంది. ఈ బల్ల దగ్గర అలా పంపరు. యజమాని దగ్గర సమ్మతి పత్రం తెమ్మంటారు. యజమాని లేకుంటే వారసుల పేరుతో కార్పొరేషన్‌లో పేరు మార్పిడి ముందు చేయించుకోమంటారు. ఆలస్యమే, కానీ తిరస్కరణ కంటే నయం. దేవాదాయ, వక్ఫ్ అంగళ్లకు కౌలు ఉత్తర్వు నకలు, బాడుగ కట్టిన తాజా రసీదు రెండూ అడుగుతారు. కౌలు గడువు దాటిపోయి ఉంటే దరఖాస్తు ముట్టుకోరు. అదీ సరైన పనే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పటి నుంచి ఇంకో తలనొప్పి చేరింది. బేతంచెర్ల, డోన్, బనగానపల్లె ఇప్పుడు నంద్యాల జిల్లా. పాత దస్తావేజులో, బాడుగ ఒప్పందంలో మాత్రం కర్నూలు జిల్లా అనే ఉంటుంది. దరఖాస్తులో కొత్త జిల్లా పేరే రాయాలి. ఒప్పందాన్ని కొత్త పేరుతో తిరగరాయించుకుంటే మేలు, లేకుంటే పాత జిల్లా పేరు ఎందుకుందో ఒక్క ముక్కలో వివరించే కాగితం జతచేయాలి. ఈ కాగితం మీరు అడిగితేనే పెడతారు.

ఇక దరఖాస్తు నడక. పాన్, ఫోను, ఈమెయిలు ఇచ్చాక వచ్చే తాత్కాలిక నంబరు 15 రోజులే పనిచేస్తుంది. ఆలోపు మిగతా భాగం పూర్తి చేయకపోతే మళ్లీ మొదటికే. యజమాని ఫొటో జేపెగ్‌లో 100 కేబీ దాటకూడదు. ఆధార్ ధ్రువీకరణ అయి, అనుమానం లేని దరఖాస్తును అధికారి 7 పనిదినాల్లో తేల్చాలి. స్థలం చూడాల్సి వస్తే 30 రోజులు. అధికారి ప్రశ్న రెగ్-03 అనే ఫారంలో వస్తుంది, జవాబు రెగ్-04 ఫారంలో 7 పనిదినాల్లో వెళ్లాలి. వెళ్లకపోతే తిరస్కరణే. స్థలం చూడటానికి వచ్చే రోజుకు అంగడికి బోర్డు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. తాళం వేసి ఉంటే అదే రాసుకుని పోతారు.

ఈ కేంద్రంతో అసలు పేచీ ఇక్కడే మొదలవుతుంది. పని త్వరగా అవుతుందని దరఖాస్తులో గుమాస్తా ఫోను నంబరు, సంఘం ఈమెయిలు పెట్టేస్తారు. ఓటీపీల కోసం వ్యాపారిని పదిసార్లు పిలవక్కర్లేదని వాళ్ల వాదన. ఆ రోజుకు అది సుఖమే. తర్వాత శాఖ నుంచి వచ్చే ప్రతి నోటీసూ ఆ పెట్టెలోకే పోతుంది. వరుసగా 6 నెలలు రిటర్నులు వేయకపోతే నంబరు రద్దు చేస్తామని రెగ్-17 నోటీసు వస్తుంది. 7 పనిదినాల్లో జవాబివ్వాలి. వందల మంది సభ్యుల ఉత్తరాల మధ్య దాన్ని ఎవరు వెతుకుతారు? రద్దు ఉత్తర్వు వచ్చాక పునరుద్ధరణకు 90 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, అంతకుముందే బాకీ రిటర్నులన్నీ ఆలస్య రుసుముతో సహా కట్టాలి. ఆ గుమాస్తా ఉద్యోగం మానేస్తే ఫోను నంబరు కూడా అతనితోనే పోతుంది. మార్చుకోవాలంటే అధికారి దగ్గరికి గుర్తింపు కాగితాలతో వెళ్లి లాగిన్ తిరిగి తెచ్చుకోవాలి. కాబట్టి దరఖాస్తు రోజున ఫోను చేతిలో పట్టుకుని బల్ల దగ్గరే కూర్చోండి. మీ నంబరు, మీ ఈమెయిలు పెట్టించండి. పాస్‌వర్డు వాళ్లు పెట్టినా ఇంటికెళ్లి మార్చండి. బ్యాంకు ఖాతా వివరాలు 30 రోజుల్లోపు, లేదా మొదటి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) వేయకముందు, ఏది ముందైతే అప్పటికి ఎక్కించాలి. ఇది మీకు ఎవరూ గుర్తుచేయరు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో తప్పు ఇంతకంటే సూక్ష్మంగా ఉంటుంది, నష్టం ఇంకా పెద్దది. ఆధార్, పాన్ ఉంటే కాసేపట్లో అయిపోయే పని, ప్రభుత్వ రుసుము సున్నా. సమస్యంతా వ్యాపారం కోడు ఎంచుకోవడంలోనే. బేతంచెర్లలో నాపరాయి పాలిష్ పట్టే యూనిట్‌కు, నూనె మిల్లుకు కూడా ‘అమ్మకం’ కోడు పెట్టేసిన సర్టిఫికెట్లు కనిపిస్తాయి. యజమాని రాయి అమ్ముతాను, నూనె అమ్ముతాను అంటాడు, గుమాస్తా అదే నొక్కుతాడు. 2021 జులై నుంచి చిల్లర, టోకు వర్తకులకు కూడా ఉద్యమ్ ఇస్తున్నారు, కానీ వాళ్లకు దక్కేది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. బాకీల చట్టం రక్షణ తయారీదారులకు, సేవలందించేవాళ్లకే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆదాయపు పన్ను నిబంధన వల్ల, గడువు దాటిన బాకీని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపలేడు, చెల్లించిన ఏడాదే చూపాలి. బెంగళూరు బిల్డరు దగ్గర రాయి డబ్బు ఇరుక్కున్నప్పుడు చేతిలో ఉండే ఆయుధం ఇదే. కోడు తప్పయితే ఆ ఆయుధానికి పదును ఉండదు. సర్టిఫికెట్ తీసుకుని ప్రధాన కార్యకలాపం ఏమని ఉందో ఒక్కసారి చదవండి. తప్పుంటే ఉద్యమ్ సైటులోనే ఉచితంగా దిద్దుకోవచ్చు. సరుకు పంపకముందే రిజిస్ట్రేషన్ ఉండేలా చూసుకోవాలి, పాత బాకీలకు తర్వాత తెచ్చిన నంబరు చూపిస్తే పేచీ తప్పదు.

ఆదోని వైపు నుంచి వచ్చే పత్తి వ్యాపారులకు మాత్రం ఇక్కడి సలహా గట్టిగా ఉంది. రైతు దగ్గర నేరుగా పత్తి కొంటే 5 శాతం పన్ను కొన్నవాడే కట్టాలి, దాన్నే రివర్స్ చార్జ్ అంటారు. ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే నంబరు అనే పరిమితి ఇలా కట్టాల్సినవాళ్లకు వర్తించదు, మొదటి కొనుగోలుకే నంబరు కావాలి. ఈ పన్ను క్రెడిట్‌తో (కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్ను జమతో) సర్దుబాటు కాదు, నగదు ఖాతాలోంచే కట్టాలి, కట్టాక క్రెడిట్‌గా తీసుకోవచ్చు. రైతు బిల్లు ఇవ్వడు కాబట్టి సరుకు అందిన 30 రోజుల్లో సొంత బిల్లు తామే రాసుకోవాలి. సీజన్‌లో రోజూ బండ్లు దిగే జిన్నింగ్ మిల్లుకు చేతిలో నగదు ఎంత ఆడాలో ముందే లెక్కగట్టి చెబుతారు. ఆ లెక్క చెప్పే ఆడిటర్లు కూడా తక్కువే.

సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈవే బిల్లు పని పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. సరుకు విలువ 50,000 దాటితే తీయాలి, మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. తప్పు పడితే 24 గంటల్లోపు రద్దు చేయాలి, గడువు పొడిగింపు ముగింపుకు 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత వరకే. రాత్రి లారీ ఆగితే సంఘం ఆఫీసు తెరిచి ఉండదు, కాబట్టి ఇది మీ గుమాస్తా నేర్చుకోవాల్సిన పని.

కాటాల ముద్ర శిబిరం మాత్రం మెచ్చుకోదగ్గది. తూనికల శాఖ వాళ్లను పిలిపించి, అంగళ్ల వాళ్లు కాటాలు అక్కడికే తెచ్చుకునేలా చేస్తారు. ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకోసారి, తూకం రాళ్లకు 24 నెలలకోసారి ముద్ర. మరమ్మతు చేసి సీలు తెగితే గడువుతో పని లేదు, మళ్లీ వేయించాల్సిందే. శిబిరంలో ఈ మాట మైకులో చెబితే బాగుండేది.

ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ లైసెన్సు పునరుద్ధరణల్లో ఈ కేంద్రం వెనకబడింది. మొదటిసారి తీసి ఇస్తారు, గడువు తేదీల పద్దు మాత్రం ఉంచరు. ఫుడ్ లైసెన్సుది 14 అంకెల నంబరు, గోడకు వేలాడుతూనే గడువు దాటిపోతుంది. అంగడి వీధి మారినవాళ్లు పాత చిరునామా లైసెన్సుతోనే నడుపుతుంటారు. తేదీలు మీ క్యాలెండర్ మీద మీరే రాసుకోండి.

పరిశ్రమల వైపు, రాష్ట్రంలో 2015 నుంచి సింగిల్ డెస్క్ ఉంది, అనుమతులు 21 పనిదినాల్లో అన్నది దాని మాట. ఓర్వకల్లు వైపు యూనిట్ పెట్టేవాళ్లకు దరఖాస్తు నింపడంలో ఇక్కడ సాయం అందుతుంది. కాలుష్య మండలి అనుమతికి నీటి వాడకం, పాలిష్ బురద ఎక్కడ వేస్తారు అనే గడులు ఖాళీగా వదిలితే దరఖాస్తు వెనక్కే. బురద ఎండబెట్టే తొట్టి లేఅవుట్‌లో గీసి ఉండాలి. ఈ గీత తామే గీయించి ఇవ్వడం లేదు, ఇంజనీరును మీరే చూసుకోవాలి.

ఆగిపోయిన దరఖాస్తులను కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా పరిశ్రమల కమిటీ దాకా తీసుకెళ్లడం సంఘం చేసే మరో పని. దీనికి కూడా ఒక పద్ధతి ఉంది. ‘కరెంటోళ్లు ఇబ్బంది పెడుతున్నారు’ అని రాసిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. దరఖాస్తు నంబరు, వేసిన తేదీ, ఏ ఆఫీసులో ఏ మెట్టు దగ్గర ఆగిందో, ఆ ఆఫీసు అడిగిన డిమాండ్ డబ్బు కట్టిన రసీదు తేదీ, ఈ నాలుగూ ఒక్క పేజీలో రాసిస్తే ఎజెండాలోకి ఎక్కుతుంది. సంఘం వాళ్లు ఈ పేజీ రాసుకోవడానికి ఒక నమూనా అచ్చు వేయించి పెడితే సగం వినతిపత్రాలు చెత్తబుట్టకు పోవు.

ఛార్జీల మాట కూడా ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు, ఉద్యమ్‌కు ప్రభుత్వం పైసా తీసుకోదు. ఇక్కడ తీసుకునేది సేవా రుసుము, రసీదు మీద అలాగే రాయించుకోండి. అన్నీ కలిపి ‘లైసెన్సు ఫీజు’ అని ఒకే అంకె వేస్తే ఒప్పుకోవద్దు. అమ్మకాలు లేని నెలలో సున్నా 3బీకి (పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బీ రిటర్నుకు) కూడా డబ్బు తీసుకుంటున్నారు. అది రిజిస్టరు చేసిన మీ ఫోను నుంచి 14409కి మెసేజ్ పంపినా అయిపోతుంది. మీ ఫోను నంబరు రిజిస్టరులో లేకపోతే మాత్రం మళ్లీ ఆ బల్ల దగ్గరికే రావాలి.

కొత్త రిజిస్ట్రేషన్ పనికి నెలలో 22 దాటాకే వెళ్లండి. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ, మూడు నెలలకోసారి కట్టేవాళ్లకు మన రాష్ట్రంలో 22, కాంపొజిషన్ (అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే పథకం) వాళ్లకు ఆ త్రైమాసికం తర్వాతి నెల 18. ఆ తేదీల్లో అక్కడ కుర్చీ దొరకదు, గుమాస్తాకు మీ కాగితాలు పోల్చి చూసే తీరికా ఉండదు.